ఎవరూ చెప్పమనని మాట

రాజోలి బడిలో నాలుగో తరగతి పిల్లలు ఆ శనివారం తాము రాసిన కవితలు చదువుతారని, తల్లులంతా రావాలని నస్రీన్ టీచర్ కబురు పెట్టింది. పద్మావతి పొద్దున్నే దీపం పెట్టి జోగులాంబ తల్లికి మొక్కుకుంది. కూతురు జోగేశ్వరి ఇంటి గుట్టు నలుగురిలో పెట్టకుంటే చాలు.

గుట్టు పెద్దదేమీ కాదు. తాము నేసిన చీరలు కొనే షావుకారు ముందర భర్త నాగార్జున, "ఈ పోగు ఊడింది మా ఆమె ముడేసిన కాడనే" అన్నాడు. నాలుగు రోజులైంది, ఇద్దరికీ మాటల్లేవు. ఏదున్నా కూతురితోనే చెప్పిస్తున్నారు.

టీచర్ పిల్లలకు ఒక షరతు పెట్టిందట. ప్రేమ మీద రాయాలి, ఆ మాట మాత్రం రాయకూడదు. మొదటి రోజు ఆ మాట వినగానే పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకొని నవ్వారు. "సినిమా పాట కాదురా, మీ ఇంట్ల చూసిందే రాయుండ్రి" అంది టీచర్.

ఇంట్లో చూసిందే! పద్మావతికి గుబులంతా అక్కడే.

ముందు ఉవైస్ చదివాడు. వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, చేప ముల్లు తీసి వాడికి పెట్టి, తాను తోక తింటుందట. తల్లులు కొంగులతో కళ్లొత్తుకున్నారు. తర్వాత జోగేశ్వరి లేచింది.

"అమ్మ అంటది: మీ నాయినకు చెప్పు, రొట్టె చల్లారుతున్నదని.
నాయిన అంటడు: మీ అమ్మకు చెప్పు, నాకు ఆకలి లేదని."

గదంతా గొల్లుమంది. "ఏందే పద్మా, గిట్లనా మీ ఇంట్ల!" అని పక్కనున్న ఎస్తేరు మోచేత్తో పొడిచింది. పద్మావతి తల వంచుకుంది. పిల్ల ఆగలేదు.

"మగ్గం కాడ ఇద్దరు ఎదురెదురు కూసుంటరు.
మాట్లాడరు. పోగులు అందిచ్చుకుంటరు.
నాయిన బల్బును అమ్మ దిక్కు తిప్పుతడు.
గా ముచ్చట మాత్రం చెప్పమని నాకెవరు చెప్పలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీచర్ ఇంకోసారి చదవమంది.

ఇంటికి నడుస్తూ పద్మావతి ఆలోచించింది. పొద్దున అమ్మవారి ముందర అంతసేపు మాట్లాడిన తనకు, మూరెడు దూరంలో కూర్చున్న మనిషితో మాట్లాడడానికి నోరెందుకు రాలేదు? బల్బు తిరిగిన సంగతైనా తాను చూడలేదే!

మధ్యాహ్నం జొన్నరొట్టె కాల్చింది. కబురు మోయడానికి జోగేశ్వరి అలవాటుగా వచ్చి గడపలో నిలబడింది. పద్మావతి పిల్లను దాటుకొని మగ్గం దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, రొట్టె చల్లారుతున్నది."

నాగార్జున అటూ ఇటూ చూశాడు. "నాతోనేనా?"

"కాదు, మగ్గంతోని."

అతను నవ్వు ఆపుకుంటూ లేచాడు. "గానీ ఆ ముడి నీదే."

"నీదే. ముందుగాల తిను."

గడపలో నిలబడ్డ జోగేశ్వరి, ఇక తనతో పని లేదని ఆటకు పోయింది.