భోజనాల బల్ల మీద క్లాంపు

భోజనాల బల్ల తుడుస్తుంటే అమ్మ చేతిలో గుడ్డ గాలిలో చిక్కుకుపోయింది. ఆ ఇంటి అమ్మాయి అప్పుడే పక్క గదిలో పని ముగించి లేచింది.

"ఏమే, నీ ఇనప ముక్కకి ఈ కొమ్మెప్పుడు మొలిచింది?" అంది అమ్మ, గుడ్డ లాగుతూ.

ఇనప ముక్కంటే పంపు బాడీ. అసలది ఎక్కడో ఫ్యాక్టరీలో, కొలతల యంత్రం మీద ఉంది. ఆ యంత్రానికి సూదిలాంటి ప్రోబ్ ఉంటుంది. అది ఎక్కడెక్కడ తాకి కొలవాలో ఈ అమ్మాయి ఇంట్లోనే కూచుని, డ్రాయింగ్ చూసి ప్రోగ్రాం రాసి పంపుతుంది. దేనికి రాస్తుంటే అది కంటికి కనపడకుండా వచ్చి వాళ్ళ భోజనాల బల్ల మీద కూచుంటుంది. ఇంట్లో అందరికీ అలవాటే. కంచాలు కాస్త జరుపుకుని తినేస్తారు. నాన్నయితే కళ్ళజోడు దాని మీదే పెడతాడు.

ఆమె పరిగెత్తుకొచ్చి తడిమింది. అంచు, బోల్టు రంధ్రాలు, అన్నీ స్క్రీన్ మీద ఉన్నట్టే ఉన్నాయి. కానీ ఎడమ పక్కన నిలువుగా, చల్లగా, ముక్క కదలకుండా బిగించే క్లాంపు ఒకటి! డ్రాయింగ్‌లో లేనే లేదు. ప్రోబ్ వచ్చేదేమో అటునుంచే. అది విరిగిందా, ఉద్యోగం గోవిందా. ఇంకా ట్రైనీయే కదా.

ఫ్యాక్టరీలో యంత్రం నడిపే ఆపరేటర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, స్టార్ట్ నొక్కేశారా?"

"వేలు బటన్ మీదే ఉందమ్మా," అన్నాడు ఆపరేటర్.

"తియ్యండి, తియ్యండి! ఎడమ పక్క క్లాంపు పెట్టారా?"

"ముక్క ఊగుతోందని ఇప్పుడే ఇంకోటి బిగించా. నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ గుడ్డకి తగిలింది."

"ఓహో. చెప్పడం మర్చిపోయా తల్లీ. అమ్మగారికి థాంక్స్ చెప్పు."

క్లాంపు పైనుంచి దాటేలా దారి మార్చి పంపింది. ప్రోబ్ పిట్టలా ఎగిరి దాటిందట! సాయంత్రం మేనేజరే ఫోన్ చేశాడు.

"నువ్వు పర్మనెంట్ అమ్మా! కాకపోతే ఇకనుంచి నీకు ఓడ ఇంజిన్లు. ఒప్పుకుంటావో లేదో పొద్దున్నకల్లా చెప్పు."

ఆమె ఎగిరి గంతేసింది. గంతు దిగాక ఇల్లు చూసుకుంది. ఉన్నవి రెండు గదులు.

"వీధి తలుపు తీసిపెడితే సగం బయటికి పట్టుద్దిలే," అంటున్నాడు నాన్న, టేపుతో హాలు కొలుస్తూ. అమ్మ అప్పుడే మంచం నిలబెట్టేసింది.

ఆ అమ్మాయిని నేనే. హడావుడిగా టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఒప్పేసుకోవాలని ఒకటే తహతహ. కానీ ఓడ ఇంజిన్ దిగాక మేమెక్కడ పడుకోవాలి? మీరైతే ఏం చేస్తారు? తొందరగా చెప్పండి, అమ్మ పక్కింటివాళ్ళ గోడ వంక చూస్తోంది.