కుట్టులో వదిలిన చోటు

రోజూ పొద్దున్నే, కుట్టుమిషను మీది గుడ్డ తీసే ముందు, దర్జీ పెరట్లోకి వెళ్లి గూటి తలుపు తీస్తాడు. ఐదు కోళ్లు దిగుతాయి. ఐదోది ఆయన కాలు తొక్కి మరీ దిగుతుంది. ఈయనే "సారీ" అంటాడు.

గూడు ఆయన సొంత చేతిపని. వడ్రంగిని పిలిస్తే నవ్వుతాడని మెడలో టేపు వేసుకుని కోళ్లకే కొలతలు తీశాడు. ఒక కోడికి భుజం ఎక్కడుందో దొరక్క అరగంట వెతికాడు. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని చొక్కా లోపల గుడ్డ వదిలినట్టే, చెక్కల అతుకుల్లోనూ రెండంగుళాలు వదిలాడు. ఇంటి వెనక రేకుల వంటగది కట్టిందీ ఆ చేతులే, అక్కడా రెండంగుళాలు వదిలే.

అప్పట్నుంచీ పద్ధతి ఒకటే. గూటికి కొత్తగా ఎవరొచ్చినా కొలతలు చీటీ మీద రాసి గుండుసూదితో తలుపుకి గుచ్చాలి. తెల్లారేసరికి గూడు ఆ మేరకి వదులైపోయి ఉంటుంది. ఎదురింటి టీచరమ్మ తాబేలుని వదిలి వెళ్లినప్పుడూ అంతే.

"తాబేలుకి ఒక్కరోజులో గదిచ్చారు, నా కోటు మాత్రం నెల్నుంచీ ఇవ్వడం లేదు" అని మాత్రం ఆవిడ దెప్పింది.

ఆ సోమవారం దర్జీ అక్క బుట్టలో రెండు కుందేళ్లతో దిగింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నార్రా తమ్ముడూ. ఆదివారం వృద్ధాశ్రమానికి పోతున్నా. అక్కడ కుందేళ్లని రానివ్వరట. నన్ను రానిస్తున్నారు, అదే గొప్ప."

'ఇక్కడే ఉండిపో అక్కా' అన్న మాట గొంతుదాకా వచ్చింది. భార్య వైపు చూశాడు. ఆవిడ గిన్నె తోముతోంది, తోమిందే తోముతోంది. ఉప్పు డబ్బా పొయ్యికి ఏ పక్కనుండాలని పదేళ్ల కిందట అక్కకీ ఆవిడకీ మొదలైన పేచీ ఇంకా తెగలేదు. దర్జీ మాట మింగేశాడు. ఊరందరి నడుములూ కొలిచినవాడు తన వెన్నెముక ఎక్కడుందో వెతుక్కున్నాడు. కోడి భుజమైనా దొరికింది గానీ అది దొరకలేదు.

కుందేళ్ల చీటీ గుచ్చాడు. కింద వాటికి చోటు వచ్చింది. ఎవరికీ అన్యాయం జరగకూడదని కోళ్లకున్నట్టే కుందేళ్లకీ ఎక్కి కూర్చోవడానికి ఓ కర్ర బిగించాడు. కుందేళ్లు దాన్ని చూస్తూ కింద కూర్చున్నాయి. పైనున్న కోళ్లు వాటి నెత్తిన రెట్టలు వేశాయి.

"పైనా కిందా ఏమిటండీ?" అంది భార్య. "పక్కపక్కన పెట్టి మధ్యలో ఇనపతీగల జాలీ కొట్టండి. ఎవరి గది వాళ్లకుంటే ఎంతసేపు మొహాలు చూసుకున్నా గొడవుండదు."

అలాగే చేశాడు. రెండ్రోజుల్లో ఆ కాలు తొక్కే కోడీ, పెద్ద కుందేలూ జాలీకి చెరోపక్కా వీపులు ఆనించుకుని పడుకోవడం మొదలుపెట్టాయి. భార్య టీ గ్లాసు పట్టుకుని, టీ చల్లారేదాకా అక్కడే నిలబడింది.

శనివారం అక్క కుందేళ్లని చూడ్డానికొచ్చింది. ఆశ్రమంలో చలి ఎక్కువట, కోటు కుడతానని దర్జీ కొలతలు తీశాడు.

"నాలుగంగుళాలు తగ్గావక్కా."

"మిగతావాళ్లక్కూడా చోటుండాలిగా" అని నవ్వింది. "కొంచెం వదులుగానే కుట్టు. అక్కడ తిండి బావుంటే లావవుతానేమో."

దర్జీకి టేపు మీది అంకెలు మసకబారాయి. ఎలాగో రాసి, చీటీ మిషను మీదే వదిలేశాడు.

ఆదివారం పొద్దున వంటగదిలోకి వచ్చి ఆగిపోయాడు. గిన్నెల అల్మరా పక్క గోడ వదులై, దాని వెనక ఓ గది ఉంది. మంచం పట్టేంత, కిటికీతో సహా. గోడ అంచున సుద్దగీత ఇంకా చెరగలేదు. వంటగది తలుపుకి తన చేతిరాత చీటీ గుచ్చి ఉంది.

"ఇదిక్కడికెలా వచ్చింది?"

"గాలికి ఎగిరిపోతుంటే గుచ్చాను. దానికీ సంజాయిషీ చెప్పాలా?" అంది భార్య, పొయ్యి వైపు తిరిగి. "మధ్యలో తలుపు పెట్టించండి. నా ఉప్పు డబ్బా జోలికి రావద్దని మాత్రం మీరే చెప్పుకోండి."

కాసేపటికి అక్క కుందేళ్లకి చెప్పి వెళ్దామని పెట్టెతో వచ్చింది. దర్జీ నోరు తెరిచేలోపే భార్య ఎదురెళ్లింది.

"ఆ పెట్టె ఇలా ఇవ్వండి వదినా. గుమ్మంలో అడ్డం."

అక్క కొత్త గదిలోకొచ్చి నిలబడింది. గోడని నిమిరింది. చేతులు చాపి చూసుకుంది.

"రెండంగుళాలు ఎక్కువే వదిలావురా."

"లావవుతావేమోనని" అన్నాడు దర్జీ.