కోర్టు లేచేదాకా

తాగి బండి నడిపినవాడికి మా కోర్టులో పడే శిక్ష ఏమిటంటే, జరిమానా కట్టి, సాయంత్రం కోర్టు లేచేదాకా హాల్లో వెనకాల నిలబడడం. జైలంటే అదే జైలు. పాత కేసులున్నవాడికైతే నిజం జైలే పడొచ్చు. అవి కంప్యూటర్లో ఉంటాయి గానీ, రోజుకి నలభై కేసుల్లో తీసి చూసేదెవరు? మేజిస్ట్రేట్ గారు కోర్టు కానిస్టేబుల్‌ని అడుగుతారు. అంటే నన్ను, బుచ్చిరాజుని.

ఆటో నడిపే సూరిబాబు రెండోసారి దొరికినప్పుడు వాడి భార్య జ్ఞానమ్మ కోర్టు వరండాలో నాకు చేతులు జోడించింది.

"పాత కేసు సంగతి చెప్పకండి రాజుగారూ. ఆటో ఆగిపోతే అక్షయ చదువు ఆగిపోద్దండి."

అక్షయ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, అమలాపురంలో నర్సింగు చదువుతోంది. నాకు జాలేసింది. "పాతవేమైనా ఉన్నాయా?" అని మేజిస్ట్రేట్ గారడిగితే "లేవండి" అన్నాను. మూడోసారి కూడా జ్ఞానమ్మ అడిగింది, నేనూ అదే చెప్పాను. అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందని మా అమ్మ అనేది. పెద్దవాళ్ళ మాట మనకెక్కడ చెవికెక్కుతుంది?

నాలుగోసారి జ్ఞానమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతులు జోడించలేదు.

"ఈసారి చెప్పేయండి రాజుగారూ. లోపలేయించండి."

"ఇంట్లో మళ్ళీ ఏం గొడవమ్మా?"

"గొడవ కాదండి. పొద్దున్నే తాగేసి, పిల్లని కాలేజీకి తనే దింపుతానంటాడు. బస్సెక్కుతానంటే దాన్ని కొడతాడు. రెండు నెలలు లోపలుంటే దాని పరీక్షలైపోతాయండి."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. మొగుడూ పెళ్ళాల మాట పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఇవాళ లోపలేయించమన్న మనిషే రేపు బెయిలు కోసం నా చుట్టూ తిరుగుతుంది, నాకు తెలీదా అనుకున్నాను. ఇరవయ్యారేళ్ళ సర్వీసు కదా, మనుషుల్ని చదివేశానని పొగరు.

"అలాగేలే, వెళ్ళమ్మా" అన్నాను. మేజిస్ట్రేట్ గారడిగితే మళ్ళీ "లేవండి" అన్నాను. జ్ఞానమ్మ గుమ్మం దగ్గర నిలబడి విన్నది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. సూరిబాబు సాయంత్రందాకా నిలబడి, వెళ్తూ నాకు దండం పెట్టాడు.

తొమ్మిదోరోజు పొద్దున ఎనిమిదింటికి, పి. గన్నవరం దాటాక వాడి ఆటో కాలువలో పడింది. వాడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. అక్షయ రాలేదు.

సూరిబాబు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నాలుగు పాత కేసులూ తేదీలతో సహా నేనే రాసి పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నెల తిరిగాక వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళడానికే నాకు నెల పట్టింది. జ్ఞానమ్మ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. నేను కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"చెప్పొద్దన్నప్పుడు రెండుసార్లూ నా మాట విన్నారండి. చెప్పమన్నప్పుడే వినలేదు."

"ఆయ్, నిజమేనండి" అన్నాను.