సెకనుకు యాభై అడుగులు

ఉండే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, పెదవి అన్నది జేబులోంచి జారిపడే వస్తువు కాదు కదా అనుకుంటూనే కనకరాజు బస్సు కిటికీ అద్దంలో తన కింది పెదవిని మళ్ళీ వెతుక్కున్నాడు, ఉంది, కానీ అతనిది కాదన్నట్టుంది, పక్క సీటు మనిషి కాసేపు చూస్తుండమని అప్పగించి దిగిపోయిన సంచిలా వేలాడుతోంది, నాచారం చౌరస్తాలో పళ్ళ డాక్టరు సూది గుచ్చి, దవడపన్ను పీకి, దూది కుక్కి, మధ్యాహ్నం దాకా మాట్లాడకండి సార్ అని పంపించాడు, నిజానికి ఆ డాక్టరు వచ్చే వారం పీకుదాం, తొందరేం లేదన్నాడు, కాదు ఇవాళే, ఇప్పుడే అని పట్టుబట్టింది కనకరాజే, ఇవాళే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది, వాళ్ళ ముందు మొట్టమొదట నోరు తెరవాల్సింది ఫిజిక్స్ చెప్పే కనకరాజే, గా పన్ను ఇన్నొద్దులు ఆగింది, ఇంకొక్క పూట ఆగదా, సూదంటేనే కండ్లు దిరిగి పడేటోనికి గింత ధైర్యం ఎప్పటిసంది వచ్చింది అని పొద్దున పద్మశ్రీ దోసె తిరగేస్తూ అడిగింది, పెళ్ళాం అడిగినదానికి చెప్పాల్సిందేమైనా ఉంటే అది అప్పటికే దవడలో ఎక్కడో ఇరుక్కుని ఉంది, ఇప్పుడు పన్నుతో పాటు డాక్టరు గారి స్టీలు పళ్ళెంలో పడి ఉంటుంది, పోనీ, ఆయనే చెప్పుకుంటాడు.

బస్సు మలుపు తిరిగింది, మందుల ఫ్యాక్టరీ వాసన టికెట్ లేకుండా ఎక్కి కూర్చుంది, బయట వీధికుక్కలు మటన్ కొట్టు వైపు పోతున్నాయి, కనకరాజు వాటిని గౌరవంగా చూశాడు, వాటి వల్లే అతను శాస్త్రవేత్త అయ్యాడు, ఒక పనిని అన్నిటికంటే మేలైన పద్ధతిలో చేయడానికి కంప్యూటర్ దారి వెతికే లెక్కను అల్గారిథం అంటారు, ఆ లెక్కలకు జంతువుల పేర్లు పెట్టుకోవడం ఆ రంగంలో ఆచారం, అతను అందులో అడుగుపెట్టేనాటికి తోడేళ్ళు, తిమింగలాలు, గబ్బిలాలు, చీమలు అన్నీ అయిపోయాయి, అడవి మొత్తం ఖాళీ, సముద్రంలో రొయ్య కూడా మిగల్లేదు, అందుకని నాచారం వీధికుక్కల అల్గారిథం కనిపెట్టాడు, అందులో ప్రతి కుక్కా అందరికంటే గట్టిగా మొరిగే కుక్క వెంట పోతుంది, కాసేపటికి అన్నీ ఒకచోట చేరి మొరుగుతాయి, ఆ చోటే సరైన జవాబు, పోర్చుగల్‌లో ఎవరో దాన్ని మెరుగుపరిచి తడిసిన వీధికుక్కల అల్గారిథం అని ఇంకో వ్యాసం రాశారు, అది చదివి కనకరాజు గర్వపడాల్సింది, పడ్డాడో లేదో గుర్తులేదు, ఆ కుక్కలు కంప్యూటర్ వేడెక్కేదాకా పరిగెత్తి తేల్చిందేమిటంటే, కాలు పెడితే కరెంటు పుట్టే పలకను కాలేజీలో ఎక్కడ పెట్టాలయ్యా అంటే గేటు మధ్యలో, జనం నడిచే చోట.

పెట్టారు, పలక పక్కన స్తంభం, స్తంభానికి బల్బు, ఎవరైనా పలక మీద కాలు వేస్తే బల్బు వెలుగుతుంది, అది భౌతికశాస్త్రం, దాని మీద మొదటి వ్యాసం, ఎక్కడ పెట్టాలో తేల్చింది కుక్కలు, అది రెండోది, ఆ వెలుగు చూసిన పిల్లలకు చదువు మీద శ్రద్ధ పెరిగి విద్యా నాణ్యత పెరుగుతుందని మూడో వ్యాసం, దానికోసం పిల్లల చేత ఒక ఫారం నింపించారు, ఫారం ఇస్తేనే పరీక్షకు హాల్‌టికెట్ ఇస్తామన్నారు, పిల్లలందరూ అత్యుత్తమం అన్న గడిలోనే టిక్కు పెట్టారు, నాణ్యత వందకు నూట నాలుగు వచ్చింది, ఆ పత్రిక ఎడిటర్ కామాలు మాత్రం సరిచేసి అచ్చేశాడు, అలా మూడు శాస్త్రాలూ ఒకే గేటు దగ్గర కలుసుకున్నాయి, అక్కడే వాచ్‌మన్ రాజయ్య కూడా ఉన్నాడు, అతని గది లోపల గోడకు ఒక స్విచ్చి ఉంది, పెద్దమనుషులు పలక మీద కాలు పెట్టినప్పుడల్లా రాజయ్య దాన్ని నొక్కుతాడు, ప్రారంభోత్సవం రోజు ఎంత తొక్కినా బల్బు వెలగకపోతే ప్రిన్సిపాల్ చంద్రశేఖర్ గారు, ఈ ఒక్కరోజుకి లైను కరెంటు కలిపేద్దామండీ అన్నారు, ఈ ఒక్కరోజుకే కదా అని కనకరాజూ అనుకున్నాడు, ఆ ఒక్కరోజు ఇంకా అయిపోలేదు.

సారూ, మీరేనా, నేను అన్నపూర్ణమ్మను, మీ గల్లీల కొస ఇల్లు, అంటూ ఒకావిడ పక్కన కూలబడింది, వాసన ఫ్యాక్టరీలో మాత్రలు డబ్బాల్లో నింపే పని ఆమెది, రాత్రి డ్యూటీ దిగి ఉప్పల్లో చెల్లెలింటికి పోతోంది, దవడ ఉబ్బిందేంది సారూ, పన్నా, అయ్యో, నోరు తెరవకున్రి, నేనే మాట్లాడత, అంది, అన్నట్టే మాట్లాడింది, మా కీర్తనను మీ కాలేజ్లనే ఏసిన సారూ, మా ఆయన ఇంకో కాలేజ్ అన్నడు, నేను ఇనలే, గాడ పిల్ల కాలు వెడితెనే లైటు ఎల్గుతదట, గసొంటి కాలేజ్ ఇంకేడుంది అని కొట్లాడి ఏసిన, కానీ సారూ, మా పిల్ల తొక్కితే ఎల్గలేదట, నాకు బరువు తక్కువున్నదమ్మా అంటది, గందుకని రోజూ పెరుగన్నం ఎక్కువ వెడుతున్న, ఎన్ని కిలోలుండాలె సారూ, జర వేళ్ళతోనన్న సూపియ్యిన్రి, కనకరాజు ఆమె వైపు చూశాడు, నిజం చెప్పాలంటే ఒక ఏనుగు కావాలి, ఆ ఏనుగు తాండవం చేయాలి, అయినా వెలగదు, అతను వేళ్ళు చూపలేదు, ఊ అన్నాడు, ఆమె తృప్తిపడింది, ఇంట్ల వాకిట్ల గూడ ఒకటి పెట్టియ్యరాదు సారూ, మా అత్త దినమంత అటు ఇటు తిరుగుతనే ఉంటది, ఊకెనే పోతుంది కరెంటంత, అంది, అతను లోపల సిగ్గు కోసం వెతుక్కున్నాడు, పెదవి కోసం వెతికినట్టే, ఉండే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, వేలికి మాత్రం తగల్లేదు.

ఫోను మోగింది, చంద్రశేఖర్ గారు, ఎత్తాడు, ఎక్కడున్నారండీ కనకరాజు గారూ, కమిటీ వాళ్ళు హోటల్ నుంచి బయల్దేరిపోయారు, మీ స్టూడెంట్ హిమజని పలక దగ్గర నిలబెట్టండి, పట్టుచీర కట్టుకోమనండి, నవ్వమనండి, నోరు మాత్రం తెరవొద్దనండి, తెరిస్తే ఆవిడ థీసిస్ మీద మీ సంతకం పడదని చెప్పేయండి, గడువు ఇవాళ సాయంత్రమే కదా ఆవిడకి, దాటితే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే, అదే చెప్పండి, సోమవారం నుంచి డీన్ గారు మీరేనండీ, బోర్డు రాయించేశాను, వింటున్నారా, ఊ అన్నాడు కనకరాజు, అదీ అలా ఉండాలి, మీతో ఇదేనండీ నాకు నచ్చేది, అని ఆయన పెట్టేశాడు, బోర్డు మీద తన పేరు ఏ రంగులో రాయించి ఉంటాడు అన్న ఆలోచన ఒకటి వచ్చి, కూర్చోవడానికి చోటు లేక నిలబడి, ఉప్పల్లో దిగిపోయింది.

ఉప్పల్ చౌరస్తాలో బస్సు మారడానికి దిగితే నడక వంతెన మీద ఇన్ని వేల కాళ్ళు, ఈ కాళ్ళన్నీ పలకల మీద వేసి తొక్కించినా ఒక టీ గ్లాసు వేడెక్కదు, ఇది హిమజ వేసిన లెక్క, నిన్న సాయంత్రం ల్యాబ్‌లో చూపించింది, లాలాపేట్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, అతని దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది, ఇది మీ మొదటి వ్యాసంల బొమ్మ సార్, అంది, అడుగుల వల్ల పుట్టిన కరెంటు గ్రాఫు అన్నరు, ఈ అలలు లెక్కవెట్టిన, సెకనుకు యాభై ఉన్నయ్, సెకనుకు యాభై అడుగులేసే మనిషి ఎవలు సార్, జర సూపియ్యిన్రి, మొక్కుత, అంది, అతను బొమ్మ వంక చూశాడు, ఇళ్ళల్లోకి వచ్చే లైను కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది, ఇంటర్ చదివే పిల్లకూ తెలుసు, రాజయ్య స్విచ్చి నొక్కి ఉంచిన రోజు అప్పటి స్టూడెంటు ఎవరో మీటరు పెట్టాడు, మీటరు నిజాయితీగా రాజయ్య స్విచ్చిని కొలిచింది, కనకరాజు ఆ అలలు ఎంత తీరుగా ఉన్నాయో అని మురిసిపోయి కింద అనునాదం, అదే రెజొనెన్స్, అని రాశాడు, ఆ మాట రాస్తే ఎవరూ రెండో ప్రశ్న అడగరు, అడగలేదు కూడా, రాస్తున్నప్పుడు తనకు తెలుసా, తెలియదా, తెలిసే ఉంటుందా, మనసులోని ఆ గదిలోకి వెళ్ళి చూద్దామంటే అక్కడ కూడా సూది ఇచ్చి ఉన్నారు.

కుక్కలను గూడ సూసిన సార్, అని హిమజ ఆగలేదు, కండ్లు మూసుకొని చిట్టీలు తీసినా గదే జవాబొస్తుంది, ఇదంత థీసిస్‌ల రాసిన, మీరు సంతకం వెడితే ఇత్త, వెట్టకుంటే ఇయ్య, మార్చైతే రాయ, రేపు గేటు కాడ నిలబడుత, కానీ స్విచ్చి ఉండొద్దు, లైటు ఎందుకు ఎల్గదో నేనే చెప్త, అంది, సంతకం పెడితే బొమ్మ పోతుంది, బొమ్మతో వ్యాసం, వ్యాసంతో తక్కినవి, బోర్డు, పేరు, రంగు, పెట్టకపోతే ఈ పిల్ల పోతుంది, ఇంతే లెక్క, రెండే దారులు, దీనికి కుక్కలు అక్కర్లేదు, అయినా అతను టేబుల్ మీద ఉన్న స్కేలును తిన్నగా సర్ది, రేపు చూద్దాం అని ఇంటికి పోయి, అప్పటిదాకా అంతగా లేని పన్ను నొప్పి తెచ్చుకున్నాడు, ఓహో, అదా, అని నారపల్లి మీదుగా పోయే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ కనకరాజు అనుకున్నాడు, నోరు ఉంటే మాట్లాడాల్సి వస్తుందని నోటినే తీయించుకున్నాడన్నమాట, ఎవరో పక్కింటి మనిషి గురించి విన్నట్టు విన్నాడు, పాపం అనుకున్నాడు, పొలాలు పోయి ప్లాట్లు వచ్చిన చోట రంగు జెండాలు ఊగుతున్నాయి, అతని స్టాపు వచ్చింది.

గేటుకు అరటి పిలకలు కట్టారు, ముగ్గు వేశారు, ముగ్గు మధ్యలో పలక, రాజయ్య ఎదురు పరిగెత్తుకొచ్చాడు, సార్ సార్, హిమజమ్మ వైరు వీకేసింది సార్, స్విచ్చి నొక్కితే టక్కుమంటుంది గంతే, పెద్దసారు నన్ను సంపుతడు, మీరన్న చెప్పున్రి, అతని వెనక హిమజ, పట్టుచీర లేదు, రోజూ వేసుకునే చుడీదార్, చంకలో థీసిస్, కమిటీ కారు నారపల్లి దాటిందట అని లోపలి నుంచి ఎవరో అరుస్తున్నారు, కనకరాజు ఆమె ముందు నిలబడ్డాడు, ఊ అందామనుకున్నాడు, ఊకు అర్థం ఎదుటివాళ్ళే తెచ్చుకుంటారు, పొద్దుటి నుంచీ అదే జరుగుతోంది, కానీ ఈ పిల్ల అర్థం తెచ్చుకునే రకం కాదు, చూస్తోంది, కొలుస్తోంది.

గట్ల సూడకున్రి సార్, నేనేం మీ మీద కోపంతోని చెయ్యలే, అంది హిమజ, డిగ్రీల చేరిన ఫస్ట్ వారంల మీరే చెప్పిన్రు గదా, నేను లోలకం ప్రయోగం చేసి పుస్తకంల ఉన్న జవాబు రావాలని ఒక రీడింగు దిద్దిన, మీరు సూసి, ఏదొస్తె గదే రాయాలె బిడ్డా, రావాల్సింది కాదు అన్నరు, నేను బస్‌ల పోతా ఏడ్సిన, నాకు గట్ల ఎవ్వలూ చెప్పలే సార్ అంతకు ముందు, బళ్ళె గూడ దిద్దుమనే చెప్పిన్రు, అప్పటిసంది నేను ఒక్కటి గూడ దిద్దలే, ఇప్పుడు దిద్దుమంటే నాకు వస్తలేదు సార్, చేతనైతలేదు, అంతే, అంది, కనకరాజు ఆ రోజు కోసం వెతికాడు, లోలకం, పిల్ల, దిద్దిన అంకె, బిడ్డా అన్న తన గొంతు, ఏ మూలా లేదు, నిజంగానే లేదు, ప్రతి ఏడూ కొత్త పిల్లలు రాగానే ఆ మాట అంటాడు, ల్యాబ్‌లోంచి పోయేటప్పుడు ఫ్యాను ఆపండి అన్నట్టు అంటాడు, అందరూ ఊ అంటారు, వెళ్ళిపోతారు.

అతని చేయి జేబులోకి పోయి పెన్ను తీసింది, చేయి ముందు పోయింది, అతను వెనకాల పోయాడు, హిమజ థీసిస్ తెరిచి రెండు అరచేతుల మీద బల్లలా పట్టుకుంది, గాలికి కాగితం లేవకుండా బొటనవేళ్ళతో నొక్కింది, చంద్రశేఖర్ గారు పూలదండలు మోస్తూ మెట్లు దిగి వస్తూ ఏమండీ ఏం చేస్తున్నారండీ అంటున్నారు, రాజయ్య ఖాళీ స్విచ్చిని టక్కు టక్కుమని నొక్కుతున్నాడు, కారు హారను వినపడుతోంది, కనకరాజు పేరు మొత్తం రాశాడు, పొట్టి సంతకం కాదు, తేదీ కూడా వేశాడు, ఏమీ అనిపించలేదు, గొప్పగా లేదు, భయంగా లేదు, ఒకటే మెల్లగా తెలుస్తోంది, ఇన్నేళ్ళూ పిల్లల్లో చదువు ఎంత దిగిందో అని ఫారాలు నింపించి, కుక్కలను ఉరికించి, బల్బులు వెలిగించి కొలిచాడు, దిగిన చదువు ఆ కొలతల్లో ఎక్కడా లేదు, ఇక్కడ చుడీదార్ వేసుకుని, బొటనవేళ్ళతో కాగితం నొక్కిపట్టి, చెప్పినవాడికే ఎదురు నిలబడి ఉంది, ఆ మాట అతను ఊరికే అన్నాడు, ఆమె నమ్మింది.