గెలిచినన్నాళ్ళూ ఊడని జెర్సీ

ఎల్మ్‌డాల్ కాలేజీలో సోమవారం బట్టలుతికే రోజు. దుప్పట్లు, మేజోళ్ళు, పాస్టరు గారి తెల్ల కాలర్లు అన్నీ తీగల మీదికెక్కేవి. ఫుట్‌బాల్ జట్టు ఉన్ని జెర్సీలు మాత్రం ఎక్కేవి కావు. సీజన్లో మొదటి మ్యాచ్ గెలిస్తే, మళ్ళీ ఓడేదాకా జెర్సీ ఉతక్కూడదు. అదృష్టం సబ్బునీళ్ళలో కొట్టుకుపోతుందట! నార్వే నుంచి అమెరికా వచ్చి విస్కాన్సిన్‌లో స్థిరపడ్డ మా వాళ్ళ బుర్రలు అలాంటివి మరి.

ఉతకనప్పుడు విప్పడమెందుకని జెర్సీలే అనుకున్నాయో ఏమో, గెలిచినన్నాళ్ళూ అవి ఒంటిమీంచి ఊడేవి కావు. గెలుపు గెలుపుకీ ఇంకాస్త బిగిసేవి. దానికెవరూ నోరెళ్ళబెట్టలేదు. చర్చిలో జట్టుకి వెనక బెంచీ ఇచ్చి, పక్క కిటికీ తెరిచిపెట్టేవాళ్ళు. మామూలుగా రెండు మూడు వారాల్లో ఎవరి చేతిలోనో ఓడి, శుభ్రంగా స్నానాలు చేసి, మళ్ళీ మనుషుల్లో పడేవాళ్ళు.

1904లో మాత్రం, ఏం పుట్టిందో ఏమో, మా వాళ్ళు ఓడడం మానేశారు.

జట్టులో అందరిలోకీ ఎక్కువ తిప్పలు పడ్డవాడు అస్లే. పాలరైతు కొడుకు, ఇంకా ఎదిగే వయసు. ఒళ్ళు పెరగాలంటుంది, జెర్సీ వద్దంటుంది. అక్టోబరు దాటేసరికి ముద్ద మింగుడుపడక చిక్కిపోయాడు. డాక్టరు వాడి ఛాతీకి చెవి ఆనించి విన్నాడు. "ఇంకొక్క మ్యాచ్ గెలిచారంటే వీడి పక్కటెముకలు విరుగుతాయి" అని తేల్చేసి, కోచ్ వైపు తిరిగి, "శనివారానికి నాకు ముందు వరసలో సీటుందా?" అని అడిగాడు.

అస్లే ఉండేది మేనత్త మార్తే ఇంట్లో. ఆవిడ కత్తెర తీసింది.

"ఇలా రారా. నిలువునా కోసి పారేస్తాను."

"వద్దత్తా. ఉన్ని తెగదు, నా తోలే తెగుతుంది."

"పోనీ ఆట మానెయ్."

"నేనాడకపోయినా జట్టు గెలిస్తే బిగుస్తుందిగా."

"అయితే ఓడి చావండి! ఎవరేడ్చారు?"

"కావాలని ఎలా ఓడతానత్తా? హాల్వోర్ మొహం ఎలా చూడను?"

హాల్వోర్ జట్టు కెప్టెన్, వీడి ప్రాణస్నేహితుడు. ఒక్క ఓటమీ లేకుండా సీజన్ ముగిస్తే అతనికి మిల్లులో మేనేజరు పని ఇస్తానని పిండిమిల్లు యజమాని అందరి ముందూ మాటిచ్చాడు. ఇక అస్లే వీధిలో కాలు పెడితే చాలు, వీపు చరిచేవాళ్ళే. "శనివారం మనదేగా, అస్లే?" ఊపిరాడని వాడు ఏం జవాబిస్తాడు? తలూపాడు.

శనివారం మైదానం పక్క షెడ్డులో బూట్లు కట్టుకుంటూ హాల్వోర్ అడిగాడు.

"ఎలా ఉందిరా?"

"బానే ఉంది."

"అబద్ధాలాడకు. నీ ఊపిరి ఈల వేస్తోంది."

"నన్ను ఎటు విసరమంటే అటు విసురు. ఏమైతే అదే అవుతుంది."

హాల్వోర్ లేచి షెడ్డు తలుపు తోశాడు.

ఆట చివరికొచ్చింది. మా వాళ్ళు వెనకబడ్డారు. బంతి చేతపట్టుకుని ఎవడైనా అవతలి గీత దాటి, ఒక్క టచ్‌డౌన్ చేస్తే గెలుపు. ఆ రోజుల్లో జట్టులో తేలికైనవాడి లాగు నడుముకి తోలు పిడులు కుట్టేవాళ్ళు. బంతి వాడి చేతికిచ్చి, ఆ పిడులు పట్టుకుని, అడ్డొచ్చిన మనుషుల గుట్ట మీదుగా గీత అవతలికి వాణ్ణే విసిరేసేవాళ్ళు. అస్లే బంతిని పొట్టకి అదుముకుని కళ్ళు మూసుకున్నాడు. హాల్వోర్ ఎత్తాడు, ఊపాడు. ఊరు ఊరంతా లేచి నిలబడింది.

పిడి మాత్రం అతను వదల్లేదు.

అస్లే గీత మీద గాల్లో వేలాడి, ఇవతలికే వచ్చి బురదలో పడ్డాడు. ఆట ముగిసినట్టు ఈల మోగింది. ఉన్ని జెర్సీలన్నీ కుట్లు విడిపోయి జారిపోయాయి. ఆ నవంబరు చలిలో అస్లే ఒట్టి ఒంటితో గుండెల నిండా గాలి పీల్చి, దగ్గి, మళ్ళీ పీల్చి, బావురుమన్నాడు.

"ఎందుకు పట్టుకున్నావురా?"

"విసురుదామనే ఎత్తాను. చేతికి మరీ తేలిగ్గా తగిలావు. భయమేసింది."

మిల్లు యజమాని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా మా ఊళ్ళో ఒక్క గడపా హాల్వోర్‌ని కాఫీకి పిలవలేదు. మా వాళ్ళలో అంతకంటే పెద్ద వెలి లేదు. వసంతం రాగానే అతను పొలం పనులు వెతుక్కుంటూ డకోటా రైలెక్కాడు. సాగనంపడానికి ఇద్దరే వచ్చారు. అస్లే పెట్టె మోశాడు. మార్తే గిన్నెతో కాఫీ తెచ్చి, రైలు కూత వేస్తున్నా వినకుండా, దగ్గర నిలబడి హాల్వోర్‌తో రెండు కప్పులు తాగించింది.