మధ్య గదిలో అతుకు

సముద్రం పక్కనున్న ఇళ్ళలో అల్యూమినియం వైరు వాడకూడదన్నది మా కరెంటాఫీసు రూలు. ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. అది చాలదన్నట్టు దాన్ని నేరుగా రాగివైరుకు మెలిపెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు. అతుకు దగ్గర తెల్లటి పొడి కట్టి, వేడెక్కి, ఏదో ఒకరోజు అంటుకుంటుంది. ఇల్లిల్లూ తిరిగి ఇలాంటివి పట్టుకోవడం నా ఉద్యోగం. నన్ను చూడగానే జనం మొహం మాడ్చుకుంటారు. నాకు అలవాటైపోయింది.

ఆ ఇంటి మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. అన్న తమ్ముడి మీద, తమ్ముడు అన్న మీద. లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయని, తప్పంతా అవతలివాడి వైరింగుదేనని ఇద్దరిదీ ఒకటే గోల. అన్న ఐస్ ఫ్యాక్టరీలో మేస్త్రీ, తమ్ముడు టైలరు. తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. ముందు భాగం అన్నది, వెనక భాగం తమ్ముడిది. మాటల్లేవు. పక్కపక్కనే నిలబడి, "ఆయనగారికి మీరే చెప్పండి" అని నాతో చెప్పించుకుంటున్నారు.

అన్న వాటాలో కొత్త రాగివైరు, నిగనిగలాడే స్విచ్చులు. తమ్ముడి వాటాలో తండ్రి వేయించిన పాత అల్యూమినియమే.

"ఎప్పుడు మారుస్తారు?"

"వచ్చే నెల మేడమ్."

నేను చూసిన ఏ ఇంట్లోనూ ఈ వచ్చే నెల వచ్చిన పాపాన పోలేదు.

ఇక మధ్య గది మిగిలింది. దానికి రెండు తలుపులు. ఒకటి అన్న వైపు, రెండోది తమ్ముడి వైపు. లోపల మీటరు బోర్డు, ఒక మంచం, మంచం మీద గోడకు ఆనుకుని వాళ్ళ మేనత్త. తల్లి పోయాక ఇద్దర్నీ పెంచింది ఆవిడేనని అన్న భార్య అప్పటికే నా చెవిన వేసింది.

"రా తల్లీ, కూర్చో. వీళ్ళు నీకు మంచినీళ్ళయినా ఇచ్చారా?"

"పర్లేదు పెద్దమ్మా. కాస్త పక్కకి జరుగుతారా, గోడ చూడాలి."

"ఈ గోడ భలే వెచ్చగా ఉంటుందమ్మా. నా నడుంనొప్పికి దీన్ని మించిన కాపడం లేదు."

చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. ఆవిణ్ణి లేపి మంచం జరిపి, గోడలోని పెట్టె మూత విప్పాను. అన్న రాగివైరూ తండ్రి అల్యూమినియం వైరూ అక్కడే మెలివేసుకుని ఉన్నాయి. తెల్లటి పొడి, నల్లగా కాలిన టేపు. ఇన్నాళ్ళూ ముసలావిడ దానికి వీపు ఆనించుకుని కూర్చుంది. మెయిన్ కట్టేశాను. రెండు వాటాల్లోనూ ఫ్యాన్లు ఆగిపోయాయి.

"ఈ గది ఎవరిది? వైరు మార్పించి నాకు సంతకం పెట్టేది ఎవరు?"

"పంపకాల్లో అలా వదిలేశామండీ" అన్నాడు అన్న.

"అత్త ఉన్నన్నాళ్ళూ ఉమ్మడి" అన్నాడు తమ్ముడు.

"ఉమ్మడైతే ఇద్దరూ పెట్టండి."

"ఆయన పక్కన నేనా? తల తీసినా పెట్టను" అన్నాడు తమ్ముడు.

అసలు సంగతి సంతకం కాదు. గది నాదంటే గదిలో ఉన్న మనిషి కూడా తన బాధ్యతే అవుతుంది. అది ఇద్దరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

"ఎవరో ఒకరు నాదనాలి. అనకపోతే గది ఖాళీ చేయించి తాళం వెయ్యాలి. రూలు అంతే."

అన్న తన గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. తమ్ముడు తన గుమ్మంలో. అత్తను తన వైపు పిలవడానికేనేమో అనుకున్నాను. నా పిచ్చిగానీ, వాళ్ళు తలుపులకు అడ్డంగా నిలబడ్డారు. ముసలావిడ దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగంలో ఒళ్ళు మండకూడదంటారు, మండింది.

"పెద్దమ్మా, ఈ గదిలో ఉండేది మీరు. నాదని మీరు చెప్పినా నాకు చాలు."

ఆవిడ దుప్పటి కింద పెట్టేసింది. అన్నను చూసింది, తమ్ముణ్ణి చూసింది. కాస్త టైము కూడా ఇచ్చింది. ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు.

"అయితే నాదే. రాసుకో తల్లీ."

రాసుకున్నాను. ఆవిడ సంతకం పెట్టింది. అప్పుడు అన్నదమ్ములిద్దరికీ కలిపి చెప్పాను. మీటరు ఈ గదిలోనే ఉంది కాబట్టి, రెండు వాటాలకూ కరెంటు ఇక్కణ్ణించే పోవాలి కాబట్టి, ఇకమీద ఆ ఇంట్లో ఒక్క బల్బు వెలగాలన్నా గది యజమానురాలు ఒప్పుకోవాలి.

"అదెలా కుదురుతుందండీ? గది నాది!" అన్నాడు అన్న, గుమ్మం వదిలి లోపలికొస్తూ.

"నీదేంటి? నాన్న నాకిస్తానన్నాడు!" తమ్ముడు కూడా లోపలికొచ్చాడు. ఎన్నాళ్ళకో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుంటున్నారు.

అత్త మంచం మీద కూర్చుని ఆ కేకలన్నీ ఓపిగ్గా వింది. ఇద్దరికీ గొంతు పోయాక అడిగింది.

"గది నాదంటే నాదని కొట్టుకుంటున్నారు, బాగుంది. అత్త నాదని ఇప్పటికైనా ఒక్కడన్నాడట్రా?"