ఫిలోమెనా నెత్తిమీద మబ్బు

కాసింబా వెల్యా ఊళ్ళో తెల్లవారగానే మొదట వినిపించేది నీళ్ళ లారీ మోత, ఆ తరవాత లిందాల్వా మోటారు సైకిలు మోత. లారీ రాని రోజులు ఉంటాయి గాని లిందాల్వా రాని రోజు ఉండదు. నీలం రంగు చేతుల్లేని కోటు తొడుక్కుని, సంచీ వీపున తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతుంది. పిల్లల బరువులు, గర్భిణుల కాళ్ళ వాపులు, ముసలివాళ్ళ బి.పి. చూడటం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగంలో మందులకంటె నోరే ఎక్కువ ఖర్చవుతుంది. నిన్న చెప్పింది ఇవాళ చెప్పాలి, ఇవాళ చెప్పింది రేపు చెప్పాలి. తెలియకపోవడం తప్పు కాదు. చెప్పింది చెవిన పెట్టకపోవడం తప్పు. ఆ తప్పును రోజూ చూసి చూసి ఆమెకు నుదుటిమీద ఒక ముడత స్థిరపడిపోయింది.

ఆ ఉదయం ముందుగా, అందరూ గౌరవంగా దోనా అని పిలిచే ఫిలోమెనా ఇంటికి బయలుదేరింది. ఆ ఇంటికి దారి ఎవరినీ అడగనక్కర్లేదు. ఎండిపోయిన కొండవాలులో ఏ ఇంటిమీద దుప్పటంత మబ్బు కనిపిస్తే అదే.

మబ్బు ఫిలోమెనాది. ఆమె వయసులో ఉండగా, పెద్ద కరువు ఏట, చెలమ దగ్గరినుంచి కుండ నెత్తిన పెట్టుకుని వస్తుంటే వీధికుక్కలా వెంటపడి వచ్చి ఉండిపోయింది. ఆమె పెరట్లోకి వెళితే పెరట్లోకి వెళ్ళేది, ఇంట్లోకి వస్తే పెంకుల కింద దూలానికి ఆనుకుని వేలాడేది. ఊళ్ళో దానిమీద ఎవరికీ గౌరవం లేదు. పొలంమీద కురవమంటే కురవదు. వాననీటి తొట్టి మూత తీసి పెడితే జానెడు అవతల నాలుగు తుంపరలు రాల్చి ఊరుకుంటుంది. ఆరేసిన బట్టలు కంటపడితే మాత్రం వదలదు.

దానివల్ల సుఖపడింది ఒక్క ఫిలోమెనాయే. ఊరంతా నాలుక పిడచకట్టుకుని తిరుగుతుంటే ఆమె దాని నీడలో చల్లగా తిరిగేది. పొద్దున ఒక చిన్న గిన్నెడు కాఫీ తాగితే పొద్దుగూకేదాకా మళ్ళీ నోరు తడుపుకునేది కాదు. ఆమె మంచినీళ్ళు అడగడం చూసినవాళ్ళు లేరు. "ఒంటిని అదుపులో పెట్టుకోవాలి, అంతే," అని నలుగురికీ బుద్ధి చెప్పేది. అది అదుపు కాదు, మబ్బు.

లిందాల్వా వెళ్ళేసరికి కోడలు జుస్సారా వాకిట్లో పొత్తిగుడ్డలు పిండుతోంది. మెళ్ళో స్కూలు వంటింటి ఏప్రను అప్పుడే తగిలించుకుంది.

"పిల్లాడు ఎలా ఉన్నాడు?"

"విరేచనాలు కట్టలేదక్కా. ఉతికిన గుడ్డ ఆరట్లేదు. ఆరేస్తే చాలు, మా అత్తగారి చుట్టం వచ్చి తడిపేస్తుంది." జుస్సారా పైకి చూసి మబ్బును తిట్టింది. "బండి వెళ్ళిపోతుంది, నేను పోవాలి. బిళ్ళ మటుకు అత్తయ్య చేత్తోనే వేస్తోంది. నన్ను ముట్టుకోనివ్వదు."

అది విని లిందాల్వాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. మొన్న వచ్చినప్పుడు ఆమె ఇచ్చింది జింకు బిళ్ళల అట్ట. ఊళ్ళో అందరూ విటమిను అనే అంటారు. ఏ ఇంట్లోనైనా రెండు బిళ్ళలు వేసి, మిగిలినవి మేకపిల్లకు పారితే పనికొస్తాయని దాచేస్తారు. ఫిలోమెనా దాచకుండా వేస్తోందంటే విశేషమే.

ఫిలోమెనా లోపల గుడ్డ ఉయ్యాల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. మబ్బు ఆమె నెత్తిమీద దూలానికి ఆనుకుని ఉంది. లిందాల్వాను చూడగానే ఆమె అట్ట పైకెత్తి చూపించింది.

"చూసుకో. ఒక్క రోజు తప్పలేదు."

"సంతోషం దోనా ఫిలోమెనా. ఏదీ, దామియాన్‌ని చూడనివ్వండి."

చూడగానే ఆ సంతోషం పోయింది. ఏడాది దాటిన పిల్లాడు, కళ్ళు గుంటలు పడ్డాయి. పెదవులు పెచ్చులు లేచాయి. ఏడుస్తున్నాడు గాని కంట నీటి చుక్క లేదు. పొట్టమీద చర్మం వేళ్ళతో పట్టి వదిలితే మడత మడతలాగే నిలిచిపోయింది.

"బిళ్ళ దేంతో వేస్తున్నారు?"

"నూరి, వేయించిన కర్రపెండలం పిండిలో కలిపి. పొడిపొడిగా. నీటిబొట్టు తగలనివ్వలేదు."

"నీళ్ళలో కలిపి పట్టమని నేనిచ్చిన ఉప్పు పొట్లాలో?"

"అవిగో, మేరీమాత బొమ్మ కింద భద్రంగా ఉన్నాయి."

లిందాల్వా కళ్ళు మూసుకుని తెరిచింది. "నీళ్ళు ముఖ్యం, బిళ్ళ దానికి తోడు అని మొన్న గుమ్మంలో నిలబడి చెప్పానా లేదా? పెళ్ళికొడుకుని ఇంట్లో కూర్చోబెట్టి తోడుపెళ్ళికొడుకుని పీటలమీదికి పంపినట్టుంది మీ వైద్యం."

"నీ పెళ్ళిళ్ళు నాకెందుకు పిల్లా. లోపలికి పోసిన నీళ్ళే కదా కిందనుంచి వచ్చేది? కప్పు కారుతుంటే పైనుంచి ఇంకో బిందె పోస్తారా ఎవరైనా? ఎండబెడితే అదే కడుతుంది."

"కట్టేది విరేచనం కాదు, ఊపిరి."

లిందాల్వా ఆసుపత్రికి ఫోను చేసింది. కారు పక్క ఊరికి పోయిందనీ మధ్యాహ్నానికిగాని రాదనీ చెప్పారు. మోటారు సైకిలు మీద ఆ రాళ్ళదారిన, ఆ ఎండలో, ఇలాంటి పిల్లాణ్ణి తీసుకుపోలేదు. కారు వచ్చేదాకా వాణ్ణి నిలబెట్టాలి. నిలబెట్టేది నీళ్ళే.

పొయ్యిమీద నీళ్ళు కాచి చల్లార్చింది. మేరీమాత కింది పొట్లం తీసి కలిపింది. అంతవరకు బాగానే ఉంది. కాని ఆమె కోపంలో ఉంది. కోపం చేతికి దిగితే చేసే పని చెడుతుంది. కొద్దికొద్దిగా చెంచాతో పట్టండని ఊరంతటికీ పాఠం చెప్పే మనిషి ఆ తొందరలో గ్లాసే పిల్లాడి నోటికి ఆనించింది. వాడు గటగటా సగం తాగాడు. మరుక్షణం తాగిందంతా ఫిలోమెనా ఒళ్ళో కక్కేశాడు.

"చూశావా," అంది ఫిలోమెనా. ఆమె గొంతులో గెలుపుకంటె భయమే ఎక్కువ ఉంది. "వాడి కడుపే వద్దంటోంది. ఇంక ముట్టుకోకు." పిల్లాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టి చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పు నాది. గ్లాసు పెట్టకూడదు. చెంచాతో పట్టిద్దాం."

"నీది తప్పో ఒప్పో, నా మనవడికి వద్దు."

"దోనా ఫిలోమెనా, వాడికి కన్నీళ్ళు కూడా రావట్లేదు. చూడండి."

"చిన్నప్పుడే అదుపు నేర్చుకోవాలి," అంది ఫిలోమెనా. అన్నాక ఆ మాట ఆమెకే బాగోలేదు కాబోలు, తల దించుకుంది.

అప్పుడు మబ్బు కదిలింది. ఫిలోమెనా కూర్చున్న చోటనే కూర్చుని ఉంది, మబ్బు మాత్రం ఆమెను వదిలి దూలం వెంట మెల్లగా జరిగి ఉయ్యాలమీదికి వెళ్ళి ఆగింది.

"ఇటు రా," అంది ఫిలోమెనా. రాలేదు.

పిల్లాడి కింది పెదవి మీద ఒక్క చుక్క పడింది. వాడు నాకాడు. కాసేపాగి ఇంకో చుక్క పడింది. వాడు నోరు తెరిచి, గూట్లో పిట్టపిల్లలా మెడ చాచాడు. మబ్బు తొందరపడలేదు. ఒక చుక్క మింగాకే ఇంకోటి రాల్చింది. వాడు కక్కలేదు.

లిందాల్వా చెంచా తీసుకుంది. మబ్బు చుక్కకూ చుక్కకూ మధ్య ఒక చెంచా ఉప్పునీళ్ళు పట్టింది. ఫిలోమెనా చెయ్యి అడ్డం పెట్టబోయి, సగంలో ఆపుకుంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా మాట వినలేదిది," అంది. "చెప్పిన చోట ఒక్క తుంపర రాల్చి ఎరగదు."

"మీ పోలికే," అంది లిందాల్వా.

ఫిలోమెనా ముందుకు వంగింది. "ఇలా ఇయ్యి. నీకు ఓపిక లేదు," అని చెంచా లాక్కుంది. లిందాల్వా గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. ముసలామె ఒక్క బొట్టు ఒలకనివ్వలేదు. మబ్బు చుక్క చుక్కకూ చిక్కిపోతూ దుప్పటంతది తువ్వాలంత అయింది. పిల్లాడి నాలుక తడి దేరింది. ఎండ నడినెత్తికి వస్తుండగా లిందాల్వా వాణ్ణి ఎత్తుకుని చూస్తుంటే, ఆమె నీలం కోటు ముందంతా వెచ్చగా తడిసింది.

"పోశాడు," అంది లిందాల్వా. ఆ రోజు ఆమె నుదుటి ముడత వీడింది అప్పుడే.

కారు వచ్చింది. నర్సు చూసి ఇంకా కొంత లోటుంది, ఆసుపత్రిలో ఒక పూట ఉంచుదామంది. లిందాల్వా పిల్లాణ్ణి వెనకసీట్లో పడుకోబెట్టింది. తువ్వాలంత మబ్బు వాడి వెనకే వచ్చి కారు కప్పు కింద సర్దుకుంది. డ్రైవరు అద్దం కాస్త దించాడు.

ఫిలోమెనా బిళ్ళల అట్టా మిగిలిన పొట్లాలూ రుమాల్లో మూటకట్టుకుని ఇంట్లోంచి వాకిట్లోకి దిగింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తల పైకెత్తి చూసింది. పైన ఏమీ లేదు, ఉత్త సూర్యుడున్నాడు. నెత్తి తడుముకుంది. నేల కాలుతుంటే కాళ్ళు మార్చుకుంది.

"ఎండ ఇంతుంటుందా?" అంది మెల్లగా.

"రోజూ ఇంతే."

ఫిలోమెనా పెదవులు తడుపుకోబోయింది. నాలుక పెదవికి అంటుకుంది. కారులో ఉన్న మనవడివైపు, తరవాత లిందాల్వావైపు చూసింది.

"అమ్మాయీ, నాకు దాహంగా ఉంది."

కప్పు కారుతుంటే పైనుంచి ఇంకో బిందె పోస్తారా అని లిందాల్వా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. లోపలికి వెళ్ళి కుండలోంచి నిండా గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చింది. ఫిలోమెనా ఆ ఎండలోనే నిలబడి, ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది.

"ఇంకా కావాలా?"

"నాకు కాదు," అంది ఫిలోమెనా, రుమాలు మూట విప్పి పొట్లం తీస్తూ. "కాచిన నీళ్ళు పొయ్యిమీద ఇంకా ఉన్నాయిగా, ఒక సీసాలో పోసి పెట్టు. ఆ చెంచా కూడా ఇటు తే. వాడు దూరం పోవాలి."